చేతులు కడిగే చోటు

వారం రోజులుగా మీరు నన్ను అదే ల్యాబు గుమ్మంలో నిలబెట్టి ఉంచారు. చేతిలో బ్యాక్టీరియా పెంచిన గాజు ప్లేటు, ఎదురుగా మెట్లెక్కి వస్తున్న మా సర్జన్ తలుపు తాత. మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

మా అత్తయ్య టైలరు. కాలితో తొక్కే కుట్టుమిషనే ఆవిడ లోకం. అరిగిపోయిన కుడి మోకీలు తీయించి తలుపు తాత చేతే లోహపు కీలు పెట్టించుకుంది. కొన్నాళ్ళు మమ్మల్నందర్నీ వెనక్కి నెట్టి మరీ నడిచింది. తర్వాత ఆ కీలు మీద బ్యాక్టీరియా చేరింది. మోకాలు తెరిచి కడిగారు, మందులు మార్చారు, మళ్ళీ కడిగారు. మందన్నదేదీ దాని ముందు నిలవలేదు. ఇక తొడ దగ్గర కాలు తీసెయ్యడమే దారని తేల్చి, ఎల్లుండికి థియేటర్ ఖాయం చేశారు.

నేను అదే ఆసుపత్రి ల్యాబులో సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తుంటాను. బ్యాక్టీరియాని తిని బతికే వైరస్‌లు కొన్నుంటాయి, ఫేజ్‌లంటాం. అత్తయ్య మోకాల్లో ఉన్నదాన్ని తినే ఫేజ్ కోసం ఊళ్ళో నీళ్ళన్నీ సీసాల్లోకి పట్టి వెతికాను. నదిలో లేదు, చేపల బజారు కాలవలో లేదు, పాలకేంద్రం వెనక గుంటలో లేదు. చివరికి దొరికింది. దొరికిన చోటు చెప్పబోతుండగానే పోయినవారం నాకు నోరు పెగల్లేదు. తలుపు తాత ఆపరేషన్‌కి ముందు చేతులు కడుక్కునే సింకు ఉంది చూశారూ, దాని గొట్టంలో దొరికింది.

తినేది ఎక్కడుంటే దాని తిండి కూడా అక్కడే ఉంటుంది. ఆ గొట్టంలోనే మా అత్తయ్య మోకాల్లో ఉన్న జాతి కూడా దొరికింది. ఆ సంగతి తలుపు తాతకి ఇంకా తెలియదు.

ఆసుపత్రిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. కీళ్ళ మార్పిడిలో ఆయనంత చెయ్యి తిరిగినవాడు చుట్టుపక్కల ఎక్కడా లేడు గానీ, పేరు తెచ్చిపెట్టింది మాత్రం తలుపే. ఆపరేషన్ జరుగుతుండగా థియేటర్ తలుపు తెరిచిన ప్రతిసారీ గాలి కదులుతుంది. గాలితో దుమ్ము కదులుతుంది. దుమ్ము మీద ఎక్కి వచ్చే బ్యాక్టీరియా తెరిచి ఉన్న మోకాల్లోకి దిగుతుంది. మామూలు గాయంలో అయితే మన రక్తమే దాని సంగతి చూసుకుంటుంది. లోహం మీద పడిందా, అక్కడ రక్తం ఉండదు, అడిగే నాథుడు ఉండడు, జిగురు పొర కప్పుకుని హాయిగా కాపురం పెట్టేస్తుంది. టేబుల్ చుట్టూ ప్లేట్లు పెట్టి, తలుపు తీసిన రోజున ఏం మొలిచిందో, తియ్యని రోజున ఏం మొలిచిందో చూపించి ఆయన ఇదంతా రుజువు చేశాడు. చేసి ఊరుకోలేదు. పిల్లి మెడలో గంట కట్టేదెవరని లోకం ఇంకా తర్జనభర్జన పడుతుంటే ఈయన తలుపుకే గంట కట్టేశాడు. తెరిస్తే మోగుతుంది, మూసేదాకా మోగుతూనే ఉంటుంది. మోగించినవాడికి ఆ రోజు మూడినట్టే.

జూనియర్లు చాటుగా నవ్వుకునేవాళ్ళు. ఆయన వేసిన కీళ్ళతో మెట్లెక్కి దిగుతున్నవాళ్ళు ఎదురైతే ఆ నవ్వు దానంతటదే ఆగిపోయేది. నేనూ నవ్వినదాన్నే, నేనూ మనసులో దణ్ణం పెట్టుకున్నదాన్నే.

అలాంటి మనిషిని పట్టుకుని, మురుగులోంచి తీసినదాన్ని మోకాల్లో పొయ్యండి మహాప్రభో అని నేను వెంటపడుతున్నాను. ఇదివరకే కసిరి పంపించాడు. ఆసుపత్రి కమిటీ అయితే సర్జన్ ఒప్పుకుంటే మాకేం అభ్యంతరం లేదని చేతులు దులిపేసుకుంది. ఒప్పుకోవలసిన సర్జన్ ఈయనే.

“త్వరగా చెప్పమ్మా. కేసు టేబుల్ మీదికి వచ్చేస్తోంది,” అన్నాడు తలుపు తాత, కుర్చీ జరిపినా కూర్చోకుండా. “మళ్ళీ ఆ మురుగునీళ్ళ గొడవే అయితే నా జవాబు మారదు.”

“జవాబు అడగను సార్. చూడమంటాను, అంతే.”

ప్లేటు మూత తీశాను. ద్రాక్షపళ్ళ వాసన గుప్పుమంది. ఈ జాతి లక్షణమే అది. కంటికి లేత ఆకుపచ్చ, ముక్కుకి మగ్గిన పండు, తెలియనివాళ్ళు రుచి చూస్తామన్నా అనగలరు. మంచు పట్టిన అద్దంలా ప్లేటంతా పరుచుకుని ఉంది. నడిమధ్యన మాత్రం, నిన్న నేను ఒక్క చుక్క వేసిన చోట, ఎవరో వేలితో తుడిచినట్టు గుండ్రంగా తేటపడింది. అందులోంచి నా అరచెయ్యి కనిపిస్తోంది.

తాత ప్లేటు అందుకుని కిటికీ వెలుగుకి ఎత్తాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

“ఏ మందు వేశావు?”

“మందు కాదు సార్. మీరు వద్దన్న చుక్కే.”

“ఇది మీ అత్తగారి మోకాలిదేనా?”

“ఆవిడదే. మన మందులన్నీ తిని అరిగించుకున్నదే.”

ఆయన కూర్చున్నాడు. నాకు అక్కడే సగం ప్రాణం లేచొచ్చింది. సూక్ష్మదర్శిని ఆయన ముందుకి జరిపాను. పోయినసారి మోకాలు కడిగినప్పుడు, రెండు లోహపు ముక్కల మధ్య మెత్తలా ఉండే ప్లాస్టిక్‌ని మార్చి పాతది నాకిచ్చాడాయన. దాన్ని ముక్కలు చేసి ఒకదాన్ని అలాగే ఉంచాను, ఒకదాన్ని ఫేజ్‌లో నానబెట్టాను. బతికున్నది పచ్చగా, చచ్చింది ఎర్రగా మెరిసేలా రంగు పట్టించాను.

ముందు మొదటి ముక్క పెట్టి, “పట్నం చూడండి సార్,” అన్నాను. అందులో ఏముంటుందో నాకు తెలుసు. ఎన్నిసార్లు చూసినా ఒళ్ళు జలదరిస్తుంది. నున్నటి ప్లాస్టిక్ మీద ఒక పట్నమే లేచి ఉంటుంది. మేడ మీద మేడ, మేడల మధ్య సందులు, సందుల్లో నీరు పారడానికి కాలవలు, అంతా పచ్చటి వెలుగు. ఆవగింజ పట్టని చోట అంత కట్టడం కట్టిన మేస్త్రీ ఎవడు? మా అత్తయ్య కాలు తినేస్తున్నదని తెలిసి కూడా నాకు ముందు ఆశ్చర్యం వేస్తుంది, ఆ తర్వాతే కోపం వస్తుంది. ఇది నా బుద్ధి లోపమో, ఏమో.

తర్వాత ఫేజ్‌లో నానిన రెండో ముక్క పెట్టాను. తాత కన్ను ఆనించి అలాగే ఉండిపోయాడు. ఆయన మెడ మీద నరం ఒకటి కొట్టుకుంటోంది.

“పట్నం ఖాళీ అయిపోయిందే!” అన్నాడు చివరికి. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. బొమ్మ చూసిన పసివాడి గొంతు అది. “నేను బ్రష్షుతో గీకాను. మందు కలిపిన నీళ్ళు బకెట్లకి బకెట్లు పోశాను. దీన్ని కదిలించలేకపోయాను. ఎలా దూరిందమ్మా లోపలికి?”

“పొరని కరిగించుకుంటూ పోతుంది సార్. బ్యాక్టీరియా మీద వాలి, తన సంతానాన్ని దాని కడుపులోకి దించుతుంది. అవి లోపలే పెరిగి దాన్ని పగలగొట్టుకుని బయటికొస్తాయి. వచ్చినవి పక్కదాని మీద వాలతాయి. ఆ ఒక్క జాతినే తింటుంది. మన కండని ముట్టదు, ఎముకని ముట్టదు. తిండి అయిపోతే అదీ పోతుంది.”

“మీ అత్తగారికి చెప్పావా?”

“చెప్పాను. దొంగని పట్టడానికి గజదొంగని పంపుతున్నావన్నమాట, పంపు, అంది.”

తాత నవ్వాడు. మళ్ళీ కన్ను ఆనించాడు. “మనం పుట్టకముందునుంచీ ఇది ఇక్కడే ఉందన్నమాట. నీళ్ళల్లో, మన కాళ్ళ కింద. మనకి చూడ్డం రాలేదు, అంతే,” అని తనలో తను అనుకున్నాడు.

శుద్ధి చేసిన సీసా ఫ్రిజ్‌లోంచి తీసి చూపించాను. నా బొటనవేలంత ఉంటుంది. మురుగులోంచి తీసినదాన్ని మనిషి ఒంట్లోకి పంపేంత తేటగా చెయ్యడానికి ఎన్ని వడపోతలు పట్టాయో చెబితే ఈ వారం కథ దానికే సరిపోతుంది.

“ఇంతేనా?”

“ఒక్క మోకాలికి సరిగ్గా సరిపోతుంది సార్. మళ్ళీ ఇంకోటి తయారవ్వాలంటే వారాలు పడుతుంది.”

“ఒక్క మోకాలే కదా మనకి కావాల్సింది. ఎల్లుండి కాలు తియ్యను. మోకాలు తెరిచి దీన్ని పోస్తాను. కమిటీకి నేను చెప్పుకుంటాను.” లేచి కోటు సర్దుకున్నాడు. “అవునూ, ఇంతకీ ఏ కాలవలో దొరికింది ఈ మహానుభావుడు? సరే, సాయంత్రం తీరిగ్గా చెబ్దువులే. చేతులు కడుక్కోవాలి నేను.”

చేతులు కడుక్కోవాలి. అదీ ఆయన అన్న మాట.

నేను చాలా మామూలు మనిషిని. ఆ క్షణంలో నాకు మొదట తోచింది నోరు మూసుకోవడమే. అత్తయ్య కాలు నిలబడుతుందని ఇప్పుడే మాటిచ్చాడు. నిజం చెబితే ఏమవుతుంది? ఆయన మొండివాడు, మాట వెనక్కి తీసుకోవచ్చు. ఆసుపత్రికి పరువు గొడవ మొదలవుతుంది. విచారణ అంటారు, ల్యాబుకి తాళం వేస్తారు, సీసా కూడా లోపలే ఉండిపోతుంది. ఎల్లుండి దాకా ఓర్చుకుంటే చాలు, ఆ తర్వాత ఎంత నిజమైనా చెప్పుకోవచ్చు. కానీ కింద టేబుల్ మీద ఎవరో ఉన్నారు. ఆ మనిషికీ ఒక మోకాలుంది, ఆ మనిషి మీద ఆధారపడ్డ ఇల్లుంటుంది. ఈయన అదే సింకు దగ్గరికి వెళ్ళి, అవే నీళ్ళతో చేతులు కడుక్కుని, ఆ మోకాలు తెరుస్తాడు.

“సార్, ఆ సింకు దగ్గర కడుక్కోకండి,” అన్నాను. మాట నాకంటే ముందే గుమ్మం దాటింది.

“ఏ సింకు?”

“మీదే. ఫేజ్ దొరికింది దాని గొట్టంలోనే. మా అత్తయ్య మోకాల్లో ఉన్న బ్యాక్టీరియా కూడా అక్కడే ఉంది.”

తలుపు తాత ముఖంలో రక్తం ఉందో లేదో అన్నట్టు అయిపోయింది. తర్వాత ఒక్కసారిగా వచ్చింది, చెవుల దాకా.

“నువ్వేమంటున్నావో నీకు తెలుస్తోందా? గొట్టంలో బ్యాక్టీరియా ఉండక దేవతలుంటారా? ప్రతి గొట్టంలోనూ ఉంటుంది. దాన్ని పట్టుకొచ్చి నా చేతులకి అంటగడతావా?”

“ఉన్నది ఏదో ఒకటి కాదు సార్, అదే. రెండిటి జన్యువులూ పక్కపక్కన పెట్టి చూశాను. కవలపిల్లలు కూడా అంతగా కలవరు.”

“గొట్టం కింద ఉంటుంది, చేతులు పైనుంటాయి. పైకి ఎగిరొచ్చిందా? రెక్కలున్నాయా దానికి?” బల్ల మీద చేత్తో కొట్టాడు. “మీ అత్తగారి కాలు పోతుందన్న దుఃఖంలో ఏదో ఒకటి అంటున్నావు. అందుకని ఊరుకుంటున్నాను.”

“దుఃఖంలో ఉన్నదాన్నయితే ఇప్పుడు నోరు మూసుకునేదాన్ని సార్. మీరు సరేనన్నారు కదా, నా పని అయిపోయింది. నాకు చెప్పాల్సిన అవసరమేముంది?”

ఆ మాటకి ఆయన ఆగాడు. కోపం ఎక్కడికీ పోలేదు గానీ, దాని వెనకాల ఎప్పుడూ ఉండే మనిషి బయటికొచ్చాడు. ప్లేట్లు పెట్టి తలుపు సంగతి తేల్చిన మనిషి.

“రుజువు చెయ్యి,” అన్నాడు. ఫోన్ తీసి థియేటర్ సిస్టర్‌కి చేశాడు. “మత్తు ఇవ్వకండి. పనిముట్ల బాక్సులేవీ విప్పకండి. నేను చెప్పేదాకా ఎక్కడివాళ్ళక్కడ ఉండండి.”

థియేటర్ పక్కనే చేతులు కడుక్కునే గది. కిటికీలు లేవు. గోడలకి తెల్లటి పలకలు, ఒక వైపు అరలో తొడుక్కోవడానికి సిద్ధంగా గౌన్ల పొట్లాలు, గ్లవుజుల పొట్లాలు. మధ్యలో ఆ సింకు. దాని గురించి కాస్త చెప్పాలి. అది తలుపు తాత మానసపుత్రిక. వచ్చిన అతిథులకి ముందు సింకు చూపించి, తర్వాతే పక్కనున్న భార్యని పరిచయం చేస్తాడని చెప్పుకుంటారు. పూర్వం ఆ కుళాయి వెనకవైపు ఉండేదట. నీళ్ళు ఏటవాలుగా జారుతూ ఒక మూల కాస్త నిలిచేవట. నిలవనీటిలో బ్యాక్టీరియా పెరుగుతుందని ఈయన ఇంజనీరుతో పోట్లాడి, కుళాయిని ముందుకి జరిపించి, ధార సరిగ్గా గొట్టం కన్నంలోనే పడేలా పెట్టించాడు. అప్పటినుంచీ ఒక్క చుక్క నిలిస్తే ఒట్టు.

ల్యాబులోంచి తెచ్చిన పసుపుపచ్చ రంగునీళ్ళు కన్నం జల్లెడ మీదా, దాని కిందా కొంచెం పోశాను. పల్చబడితే మామూలు వెలుతురులో కనిపించవు. ఊదారంగు టార్చి వేస్తేనే వెలుగుతాయి.

“రోజూ ఎలా కడుక్కుంటారో అలాగే కడుక్కోండి సార్.”

ఆయన కోటు విప్పి కొక్కేనికి తగిలించి, చొక్కా చేతులు మడిచి మోచేత్తో కుళాయి తిప్పాడు. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మణికట్టు, మోచేతుల దాకా. ఆ చేతులు కడుక్కోవడం చూడవలసిందే. ఒక్క కదలిక వృథాగా ఉండదు. పూజలో ఉన్నవాడికి కూడా అంత ధ్యాస ఉండదేమో. కడుక్కుని, నీళ్ళు మోచేతులనుంచి కారిపోయేలా చేతులు పైకెత్తి పట్టుకున్నాడు.

“ఇదుగో. ఇంతకన్నా శుభ్రంగా కడిగే చేతులు ఎక్కడున్నాయో చెప్పు,” అన్నాడు.

నేను లైటు ఆర్పేశాను. గది చీకటైపోయింది. టార్చి వేశాను.

ఆయన చేతుల మీద చుక్కలు పొడిచాయి. మోచేతులనుంచి మణికట్ల దాకా సన్నగా, దగ్గరదగ్గరగా, పచ్చగా వెలుగుతున్న చుక్కలు. చొక్కా ముందు భాగం నిండా ఉన్నాయి. గడ్డం కింద ఉన్నాయి. టార్చి పక్కకి తిప్పితే తెల్లటి గోడ మీద ఉన్నాయి. అరలో ఉన్న గౌన్ల పొట్లాల మీద ఉన్నాయి. కప్పు తీసేస్తే ఆకాశం కనిపించినట్టుంది ఆ గది. నీళ్ళ ధార సూటిగా కన్నంలో పడుతోంది, కన్నం లోపల జల్లెడకి పట్టిన జిగురుని కొడుతోంది, ఆ జిగురు కంటికి కనిపించనంత సన్నగా లేచి మనిషంతా పరుచుకుంటోంది. ఏటవాలుగా పడ్డన్నాళ్ళూ ఈ బెడద లేదు. నీళ్ళు నిలవకూడదని కుళాయి జరిపిన చెయ్యే దీన్నంతా లేపింది. దీపం కింద చీకటి అంటారు గానీ, ఇక్కడ చీకటి చేస్తేనే దీపాలు కనిపించాయి.

ఇంత అందమైన దృశ్యాన్ని, ఇంత భయంకరమైనదాన్ని ఒక్కసారే చూడాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

తలుపు తాత తన చేతులని ముఖానికి దగ్గరగా తెచ్చుకుని చూశాడు. ఒక చెయ్యి చూశాడు, రెండో చెయ్యి చూశాడు.

“గాలిని కాపలా కాశాను,” అన్నాడు మెల్లగా. “ఈగని కూడా తలుపు దాటనివ్వలేదు. లోపలికి తీసుకెళ్ళింది నేనే అన్నమాట.”

“మీకు తెలియదు కదా సార్.”

“తెలియకపోవడం కాదమ్మా. తెలుసుననుకున్నాను.”

లైటు వేశాను. చుక్కలన్నీ మాయమై, మళ్ళీ అవి ఒక ముసలాయన తడి చేతులయ్యాయి. ఆయన గోడకున్న తువ్వాలుతో తుడుచుకోలేదు. అలాగే నడిచివెళ్ళి థియేటర్ తలుపుని తన భుజంతో తోశాడు.

గంట మోగింది.

లోపల అందరూ బిక్కచచ్చిపోయారు. టేబుల్ మీద పేషెంటు తలెత్తి చూస్తున్నాడు. ట్రాలీ దగ్గర సిస్టర్, బాక్సు పట్టుకున్న జూనియర్, ఒక్కరూ కదల్లేదు. ఆ గంటని ఆయన మోగించగా ఆ గోడలు కూడా విని ఉండవు.

“ఇవాళ కేసు లేదు. ఆయన్ని వార్డుకి పంపించండి, నేనొచ్చి క్షమాపణ చెప్పుకుంటాను. ఆ సింకు దగ్గరికి ఎవరూ వెళ్ళకండి. థియేటర్ మూసేస్తున్నాను,” అన్నాడు తలుపు తాత. అని, మూలనున్న స్టూలు కాలితో లాగి తలుపుకి అడ్డం పెట్టేశాడు. తలుపు బార్లా తెరిచే ఉండిపోయింది. గంట మోగుతూనే ఉంది. “మోగనీ. అందరికీ వినిపించనీ.”

తర్వాత కోటు తొడుక్కుని నా వైపు తిరిగాడు.

“పద, మీ అత్తగారి దగ్గరికి. ఈ సంగతి ఆవిడకి నేనే చెప్పాలి. విన్నాక కూడా ఆ కాలు నా చేతికిస్తుందో లేదో ఆవిడ ఇష్టం.”

అత్తయ్య మంచం మీద కూర్చుని, మెడలో కొలతల టేపుతో, ఎవరో నర్సు కోటుకి గుండీ కుడుతోంది. ఎవరైనా కాలు పోతుందంటే ఏడుస్తారు. ఈవిడ ఆసుపత్రిలో కొట్టు తెరిచింది.

“రండి డాక్టరుగారూ. మీ కోటు ఎడమ భుజం జారిందని చెబుతూనే ఉన్నాను. విప్పిచ్చారంటే క్షణంలో సరిచేస్తాను,” అంది.

తాత కోటు విప్పలేదు, కుర్చీలో కూర్చోలేదు. తడి ఆరిన చేతులు ముందు కట్టుకుని నిలబడి, ఏదీ దాచకుండా చెప్పాడు. సింకు, కుళాయి, గొట్టం, చుక్కలు. దూరంగా గంట వినిపిస్తూనే ఉంది. అత్తయ్య సూది గుండీలోనే ఆపి మొత్తం వింది. ఆయన ముగించాక టేపుని వేళ్ళకి చుట్టుకుంది, విప్పుకుంది. నేను నా గోళ్ళు చూసుకుంటూ నిలబడ్డాను. కోపం రావడానికి ఆవిడకి సర్వహక్కులూ ఉన్నాయి.

“ఒకసారి ఒకాయన చొక్కా కాలరులో సూది మర్చిపోయాను,” అంది చివరికి. “మెడలో దిగింది. వచ్చి నానా మాటలూ అన్నాడు. పడ్డాను. మళ్ళీ చొక్కా నా దగ్గరే కుట్టించుకున్నాడు. ఎందుకో చెప్పండి?”

తాత తల అడ్డంగా ఊపాడు.

“ఆ రోజునుంచీ ప్రతి చొక్కానీ పట్టిపట్టి తడిమి చూసిగానీ ఇవ్వనని ఆయనకి తెలుసు. వేరే టైలరుకి ఆ భయం ఉండదు కదా.” గుండీ బిగించి దారం పంటితో తెంపింది. “కాలు మీకే ఇస్తాను డాక్టరుగారూ. నాకు మీమీద కోపం లేదనను. ఉంది. అది కాలు బాగయ్యాక చూసుకుందాం.”

తలుపు తాత రెండు చేతులూ ఎత్తి ఆవిడకి నమస్కరించాడు. నాకు కళ్ళు మసకబారాయి. ఎంతమంది పరిశోధకుల్ని చూశాను, ఎన్ని సభలు చూశాను, ఒక మనిషిని చూసి ఇంత ఆశ్చర్యపోవడం ఇదే మొదలు. ఆవిడ మా అత్తయ్య! పాలు పొంగనిచ్చానని నన్ను పొద్దస్తమానం సాధించే మా అత్తయ్య!

“ఒక్కటి అడుగుతాను,” అంది అత్తయ్య, సూది పక్కన పెట్టి. “నాకు కీలు వేసిన రోజునే నా పక్క మంచం టీచరమ్మకీ వేశారు. ఆవిడకి వేసేటప్పుడు కూడా మీరు అక్కడే చేతులు కడుక్కున్నారా?”

తాత తలుపు వైపు చూశాడు. “అక్కడే,” అన్నాడు.

“అనుకున్నాను. నిన్న ఫోన్ చేసింది. మోకాలు వేడెక్కిందట, జ్వరం దిగడం లేదట. నీ బాధ నీకుండగా చెప్పకూడదనుకున్నానంటూనే ఏడ్చింది. ఆవిడకి నాకున్నట్టు కోడలెక్కడుంది? ఒక్కత్తే.”

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య తలగడ కింద ఫోన్ తీసింది. నొక్కింది. అవతల ఎత్తినట్టున్నారు, ఆవిడ ముఖం వెలిగింది.

“టీచరమ్మా, నేనే. ఏడవకు, ముందు నే చెప్పేది విను. ఇప్పుడే ఆటో ఎక్కి వచ్చెయ్. మందు దొరికింది. మా కోడలు కనిపెట్టింది. అవును, మా కోడలే! పుస్తకాల పురుగని అంటుంటానే, అదే. బంగారుతల్లి. నా కాలు నిలబెడుతోంది, నీదీ నిలబెడుతుంది. బయల్దేరు, బయల్దేరు.”

ఫోన్ పక్కన పెట్టి నా వైపు చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నోట నా గురించి ఒక్క మంచి మాట వినాలని ఎంత ఎదురుచూశానో నాకే తెలుసు. బొటనవేలంత సీసా పైన ఫ్రిజ్‌లో ఉంది. తలుపు తాత నా ముఖంలోకి చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

“ఏమ్మా, అలా నిలబడ్డావేం?” అంది అత్తయ్య, మురిసిపోతూ. “ఇద్దరికీ సరిపోతుంది కదా?”